చంద్రునిపై ఫిలిం చుట్టిన మోటారు

1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రునిపై వాడిన హాసెల్‌బ్లాడ్ కెమేరాలో విద్యున్మోటారు ఉండెను. మీట నొక్కగా చిత్రము పడును. పిదప మోటారే ఫిలిమును ముందుకు లాగును. దళసరి చేతి తొడుగులు ధరించినవానికి ఇది ఎంతో మేలు. కాని దానికి తగిన ఫిలిం ఏది?

ఇట్టి కెమేరాలకు సామాన్యముగా వాడు 120 ఫిలిం 1901 నాటిది. దాని వెనుక కాగితముండును; చుట్టకు 12 చిత్రములే వచ్చును. కావున కాగితము లేని, 70 మిల్లీమీటర్ల వెడల్పుగల పలుచని పాలియెస్టరు ఫిలిమును కోడక్ వారు సమకూర్చిరి. ఒక్క పెట్టెలో 160 రంగు చిత్రములకు చాలినంత ఫిలిం పట్టెను.

చిక్కు వేరొకచోట వచ్చినది. చిత్రములలో దూరములు కొలుచుటకై ఫిలిం ముందు 25 కూడిక గుర్తులు గల గాజుపలక నుంచిరి. ఫిలిం కదలునపుడు దానిపై విద్యుదావేశము పుట్టును. మామూలు కెమేరాలో లోహపు రోలర్లు, గాలిలోని తేమ దానిని హరించును. వానకాలములో దువ్వెన కాగితపు ముక్కల నాకర్షింపక ఉపాధ్యాయులను నవ్వులపాలు చేయుట ఈ తేమవలననే! చంద్రునిపై గాలియే లేదు. గాజు విద్యుద్వాహకము కాదు. ఆవేశము పేరుకొని నిప్పురవ్వ లేచినచో ఆ వెలుగే ఫిలింపై పడి చిత్రము చెడును. మరల పోయి తీయుట సాధ్యమా?

అందుచే ఫిలిం వైపున పలకకు అతి పలుచని వాహకపు పూత పూసి, దానిని కెమేరా లోహభాగములకు కలిపిరి. ఆవేశము ఆ దారిన పోయెను. తిరుగుప్రయాణమున బరువు తగ్గించుటకు కెమేరాను అక్కడనే విడిచి, ఫిలిం పెట్టెను మాత్రము వెంట తెచ్చిరి.