బ్రష్‌కట్టరు పూర్వచరిత్ర

కొబ్బరితోటలలోను, మామిడితోపులలోను, చేలగట్లమీదను కూలీలు నడుము వంచి కొడవళ్లతో కోయుచు వచ్చిన గడ్డిని, నేడు భుజమునకు వ్రేలాడు బ్రష్‌కట్టరను పెట్రోలు యంత్రము నేలమట్టము చేయుచున్నది. కమ్మరి కొలిమిలో కక్కులు కొట్టించిన కొడవలి గుఱి తప్పినచో తెగునది పట్టినవాని వ్రేలు మాత్రమే. ఈ యంత్రము విసరిన రాయి యన్ననో, ఏడెనిమిది బారల దూరమున నిలిచియున్న బాలుని కంటికి సైతము తగులవచ్చును. అందుచేత దీని చరిత్రలో గడ్డి కోయు నేర్పుకంటె, మనుష్యుని కాపాడు నేర్పు ఏ క్రమమున వృద్ధినొందెనో తెలిసికొనుటయే నాకు ముఖ్యముగా దోచుచున్నది.

ఇంగ్లండులోని స్ట్రౌడు ప్రాంతమున, ఉన్నిబట్టల మీది నూగును సమముగా కత్తిరించు మిల్లుయంత్రమును జూచి, ఎడ్విన్ బడ్డింగు 1830లో పచ్చిక కోయు యంత్రమును నిర్మించెను. కాని చక్రములపై దొరలు ఆ సాధనము చదునైన బయళ్లకే తగినది. రాళ్లును మోళ్లును గల గట్టుమీద అడుగైన కదలదు. అచ్చటికి మనుష్యుడు మోయదగిన తేలిక ఇంజను కావలసియుండెను. 1890 ప్రాంతమున బాత్ నగరమునందు జోసెఫ్ డే రూపొందించిన టూస్ట్రోకు ఇంజను అందుకు మూలమయ్యెను. క్రాంకుగదిలో కందెనకు వేఱు తొట్టి లేకుండుటచే, నూనెను పెట్రోలులోనే కలిపి పోయు ఆచారము ఈ జాతి చిన్న ఇంజనులకు ఏర్పడెను. నేటి యంత్రములలో పెక్కింటికి లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల టూస్ట్రోకు నూనె పాళ్లు. ఆ కొంచెమును మఱచి ఒట్టి పెట్రోలు పోసినచో, పిస్టను గీరుకొనిపోయి సిలిండరులో బిగిసికొనును. ఇంజను ఏటవాలుగ ఒరిగినను ఇంధనము అందవలెనన్న, తేలుడుబుడ్డి గల పాత కార్బురేటరు పనికిరాదు. పలుచని పొర కదలికచే పనిచేయు కార్బురేటరు ఇరువదవ శతాబ్ది నడుమ రంపపుయంత్రములకు వచ్చి, పిదప గడ్డికోతకును సంక్రమించెను.

గొట్టము చివర బిగించిన ఉక్కు బ్లేడుతో వచ్చిన కీడు మఱియొకటి. పైనుండి చూచినచో అపసవ్యముగ తిరుగు బ్లేడు, ముందువైపు కుడి అంచుతో మోడును తాకినపుడు, కోయక ఎదురుతన్ని, గొట్టమును కుడికో వెనుకకో విసరికొట్టును. రెండు చేతులకు వేఱువేఱుగ అమర్చిన పిడి, ఆ విసురున బ్లేడు పాదములవైపు రాకుండ అడ్డుపడును. నేర్పరియైనవాడు కుడినుండి ఎడమకు ఊపుచు, బ్లేడు ఎడమ అంచుతోనే కోయును. గడ్డి చుట్టుకొన్నపుడు ఇంజను ఆపి, ప్లగ్గుతీగ ఊడదీసిన పిమ్మటనే చేయి పెట్టును.

1971లో అమెరికాలోని హ్యూస్టనులో, కార్లు కడుగు యంత్రమున గిరగిర తిరుగు నైలాను కుచ్చులను జూచిన జార్జి బల్లాస్, పాప్‌కార్ను డబ్బాకు బెజ్జములు పొడిచి, గాలపుదారము దూర్చి, పచ్చిక అంచులు కత్తిరించు యంత్రమునకు బిగించి త్రిప్పెను; చెట్ల మొదళ్లచుట్టు గడ్డి తెగెను. అయినను గులకరాళ్లను లేపి విసరుటలో నైలానుతీగ బ్లేడునకు తీసిపోదు. కావుననే వెనుక కవచము, కంటి అద్దములు, ఇతరులకు 15 మీటర్ల ఎడము అను కట్టుబాట్లు వచ్చినవి. పని త్వరగ సాగునని కవచమును ఊడదీయుటయు, నైలానునకు మాఱుగ ఇనుపతీగ కట్టుటయు మన తోటలలో అక్కడక్కడ కానవచ్చుచున్నవి. తెగిన ఇనుపముక్క తూటావలె పోవును గనుక ఇది ఎంతమాత్రమును సహింపరానిది.

కంటికి కనబడని కీడు అదురు. వ్రేళ్లు పాలిపోవు వ్యాధిని ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో 1862లోనే వర్ణించియుండెను. అమెరికాలోని ఇండియానా సున్నపురాతి పనులలో గాలిసుత్తులు పట్టిన పనివారి చేతులను 1918లో పరీక్షించిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్, ఆ వ్రేళ్ల తెలుపునకు అదురు ఒక కారణమని చూపెను. రంపపుయంత్రములు పట్టిన అడవిపనివారికిని అదియే దాపురించిన పిమ్మట, ఇంజనునకును పిడికిని నడుమ రబ్బరు దిమ్మలు చేరినవి. దిమ్మలు చిట్లినను మార్చక, గంటలెక్కన కూలి ఇచ్చి విరామకాలమునకు కోతపెట్టు తోటలలో ఆ మేలు సగమైనను కూలివానికి దక్కుటలేదు.