ఖరగ్‌పూర్‌లో ఆడపిల్ల వాటా

పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఇచ్చిన కేంద్ర చట్టం 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటాయి. ఆ మాట ఎత్తితే నాకు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలే గుర్తొస్తాయి.

వారసత్వానికి బెంగాల్‌కు జీమూతవాహనుడి దాయభాగం, మనకు విజ్ఞానేశ్వరుడి మితాక్షర. మితాక్షరలో ఉమ్మడి ఆస్తిపై కొడుక్కి పుట్టుకతోనే హక్కు, దాయభాగంలో ఆ జన్మహక్కు లేదు. మితాక్షరను 13వ శతాబ్దిలోనే కేతన తెలుగు చేశాడు. తర్వాతి శతాబ్దాలు గబగబా దాటేద్దాం. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఏర్పడింది. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ వెలిశాక శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు పనికోసం తరలివెళ్లారు. ఊరు మారినంత మాత్రాన హిందూ కుటుంబం వారసత్వ ధర్మం మారిపోదని ప్రివీ కౌన్సిల్ అప్పటికే తేల్చింది. కాబట్టి ఆ కుటుంబాలతో పాటు మితాక్షర కూడా బెంగాల్ చేరింది.

ఖరగ్‌పూర్‌లోని మథురాకాటిలో పక్కపక్కన రెండు కుటుంబాలు ఉన్నాయనుకోండి, ఒకటి బెంగాలీ, ఒకటి తెలుగు. రెండింట్లోనూ తల్లి లేదు, ఒక కొడుకు, ఒక కూతురు. 1956కు ముందే తాత నుంచి తండ్రికి వచ్చిన నాలుగు కుంటల జాగా ఒక్కో ఇంటికీ ఉంది. 1990లో ఇద్దరు తండ్రులూ వీలునామా రాయకుండా పోయారు. బెంగాలీ అమ్మాయికి రెండు కుంటలు, అన్నకు రెండు. తెలుగింట్లో కొడుకు పుట్టుకతోనే సగానికి హక్కుదారు. తండ్రి పేరిట మిగిలిన రెండు కుంటల్లో మాత్రమే అన్నాచెల్లెళ్లు చెరిసగం. చెల్లికి ఒకటి, అన్నకు మూడు! ఒకే వీధి, ఒకే దేశం, ఒకే 1956 హిందూ వారసత్వ చట్టం.

ఈ తేడా ఉండకూడదని, హిందూ చట్టాన్ని సంస్కరించేందుకు వేసిన బి.ఎన్.రావు కమిటీ 1956కు ముందే చెప్పింది. కొడుకు జన్మహక్కు తీసేసి దేశమంతటికీ దాయభాగం పద్ధతే పెట్టమంది. పార్లమెంటు ఒప్పుకోలేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు జన్మహక్కు ఇచ్చింది. ఆ చట్టం రాష్ట్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటలేదు. దాయభాగం ఉన్న బెంగాల్‌కేమో అలాంటి సవరణ అవసరమే కనిపించలేదు. ఇటు స్వరాష్ట్రం చట్టం అందక, అటు ఉన్నచోటి ధర్మం వర్తించక, మన ఆడపిల్లలు మరో ఇరవై ఏళ్లు నష్టపోయారు. నాకిది చిన్న అన్యాయంగా తోచదు.

మహిళలపై అన్ని రకాల వివక్షనూ తొలగించాలన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1979లోనే వచ్చింది. వివక్ష చూపే చట్టాలనే కాదు, ఆచారాలనూ మార్చాలంటుంది. మన దేశం దాన్ని 1993లో ఆమోదించింది. కానీ ఏ వర్గం వ్యక్తిగత వ్యవహారాల్లోనూ వాళ్ల చొరవ, సమ్మతి లేకుండా జోక్యం చేసుకోబోమని ప్రకటన జతచేసింది. కూతుళ్ల సమ్మతి ఎవరడిగారు?

2005 తర్వాత కథ సాఫీగా సాగలేదు. ఆ ఏటి కేంద్ర సవరణ నాటికి తండ్రి బతికుండాలని 2015లో సుప్రీంకోర్టు అంది. అక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చింది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను ఎవరూ తిరగదోడలేరు.

1956 చట్టంలో ఆడవాళ్ల సొంత ఆస్తి ఎవరికి వెళ్లాలో చెప్పే 15వ సెక్షన్ మాత్రం చెక్కుచెదరలేదు. పిల్లల్లేని వితంతువు రైల్వేలో ఉద్యోగం చేసి, సొంత జీతంతో ఇల్లు కొని, వీలునామా రాయకుండా పోతే, ఆ ఇల్లు ముందు భర్త వారసులకే వెళ్తుంది. ఆమెను కన్న తల్లి వంతు వాళ్ల తర్వాతే.