ప్రళయ కావేరి దీవులు: నేలను చదివి చరిత్ర తెలుసుకోవడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పులికాట్ సరస్సు, అందులోని దీవులు ఏర్పడిన తీరును వివరించగలుగుతారు.
• 17వ శతాబ్దం నుంచి నేటి వరకు ఈ దీవులను వేర్వేరు అధికారాలు ఏ దృష్టితో చూశాయో చెప్పగలుగుతారు.
• రాతపూర్వక ఆధారాలు లేని ప్రజల చరిత్రకు నేల, నీరు, ఊరిపేరు, వృత్తి ఎలా ఆధారాలవుతాయో గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

'మారుమూల ప్రాంతం' అనే మాట మనం తరచుగా వాడతాం. దేనికి మారుమూల, ఎవరికి మారుమూల అని మాత్రం అడగం. ఈ పాఠమంతా ఆ చిన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

నేను ఈ పాఠం రాస్తున్నది బంగారుపాళ్యంలో. చుట్టూ మామిడి తోటలు, కొండలు, చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే రహదారి ఉన్న ఊరు ఇది. సముద్రం ఇక్కడికి చాలా దూరం. పేరు చివర ఉన్న 'పాళ్యం' పాలెగాళ్ల కాలాన్ని గుర్తుచేస్తుంది. ఇక్కడి నుంచి ఈశాన్యంగా 150 కిలోమీటర్లకు పైగా వెళితే సూళ్లూరుపేట వస్తుంది. దానికి తూర్పున పులికాట్ సరస్సు, ఆ సరస్సు ఉత్తర భాగంలో వేనాడు, ఇరకం, శ్రీహరికోట దీవులు ఉన్నాయి. ఇవి పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతి జిల్లాలో చేరాయి.

పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో మొదటిసారి వేనాడు వెళ్లాను. నడుములోతు కూడా లేని నీళ్లలో గడకర్రతో పడవ నడిపారు. దీవిలో ఒక ముసలమ్మ నా ఊరు ఎక్కడని అడిగింది. కొండల పక్కన అని చెప్పాను. "సముద్రం లేదా, చెరువులో తప్ప చేపలు లేవా? అంత మూలన ఎట్టా ఉండారు నాయనా?" అంది. మారుమూలకు వచ్చానని అనుకుంటున్న నన్ను ఆమె మారుమూల వాడిని చేసింది. డాక్టరేట్ కోసం చదివిన పుస్తకాల్లో నాకు దొరకని పాఠం అది.

2. నేల, నీరు

పులికాట్ మన దేశంలో చిల్కా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. తెలుగులో దీనిని ప్రళయ కావేరి అంటారు. సుమారు 60 కిలోమీటర్ల పొడవున్న ఈ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణ భాగం తమిళనాడులోనూ ఉంది. నీటి హెచ్చుతగ్గులను బట్టి దీని విస్తీర్ణం సుమారు 250 నుంచి 450 చదరపు కిలోమీటర్ల వరకు మారుతుంది. ఈ మార్పును బాగా గమనించండి. సరస్సు గట్టు ఒకచోట నిలిచి ఉండదు. ఉత్తర భాగంలో లోతు తక్కువ కాబట్టి, వానలు కురిసిన తరువాత పడవ నడిచిన చోటే మండు వేసవిలో మనుషులు నడుస్తారు. సంవత్సరంలో కొన్ని నెలలు దీవి, కొన్ని నెలలు నేల. అందువల్ల 'దీవి' అన్న మాటకే ఇక్కడ రుతువును బట్టి అర్థం మారుతుంది.

ఈ సరస్సు ఎలా ఏర్పడింది? కొన్ని వేల సంవత్సరాల కిందట సముద్రమట్టం పెరిగి, తీరం ఇప్పటికన్నా పడమరగా ఉండేదని భూవిజ్ఞానులు చెబుతారు. ఆ తరువాత అలలు, తీరం వెంబడి సాగే ప్రవాహాలు ఇసుకను మేటలు వేశాయి. ఆ మేటలు వరుసలు వరుసలుగా పెరిగి పొడవాటి దిబ్బ అయింది. అదే శ్రీహరికోట. దిబ్బకు వెనుక చిక్కిన నీరు సరస్సు అయింది. శ్రీహరికోట సముద్రానికి, సరస్సుకు మధ్య అడ్డుకట్టలాంటిది.

సరస్సుకు మంచినీరు నదుల నుంచి, ఉప్పునీరు సముద్రం నుంచి వస్తాయి. కాళంగి నది సూళ్లూరుపేట మీదుగా వచ్చి ఇందులో కలుస్తుంది. పిచ్చాటూరు దగ్గర జలాశయం ఉన్న ఆరణియార్ తమిళనాడులోకి వెళ్లి దక్షిణ భాగంలో కలుస్తుంది. అంటే పాత చిత్తూరు జిల్లా కొండల్లో పడిన వాన కొంత ఈ సరస్సుకు చేరుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా పారే స్వర్ణముఖి మాత్రం సరస్సుకు ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది.

సముద్రపు నీరు లోపలికి వచ్చే చోటును ముఖద్వారం లేదా మొగ అంటారు. దక్షిణాన పళవేర్కాడు దగ్గర ఒకటి, ఉత్తరాన రాయదొరువు, కొండూరు వైపు మరికొన్ని మొగలు ఉన్నాయి. ఉత్తరాది మొగలు ఇసుకతో పూడిపోతున్నాయి. మొగ పూడితే చేప, రొయ్య పిల్లలు లోపలికి రావు. వేసవిలో నీరు ఇగిరి ఉప్పు పేరుకుంటుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు కూడా నీటి కదలికకు కొంత అడ్డయింది. చేపల మీద బతికే కుటుంబానికి మొగ తెరిచి ఉండడమా, పూడిపోవడమా అన్నది పూట గడవడానికి సంబంధించిన విషయం.

3. సముద్రం వైపు నుంచి చూస్తే

17వ శతాబ్దంలో పెద్ద దారి సముద్రమే. ఓడలో వచ్చేవారికి ఈ తీరం మారుమూల కాదు, వాకిలి. డచ్చివారు విజయనగర రాజు రెండవ వేంకటపతి దేవరాయల అనుమతితో పళవేర్కాడులో స్థిరపడ్డారు. 1612లో పోర్చుగీసువారు వారి స్థావరం మీద దాడి చేశారు. 1613 నాటికి అక్కడ గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్నానికి మారేవరకు కోరమండల్ తీరంలో డచ్చివారికి ఇదే కేంద్రం.

ఇంగ్లీషువారు 1626లో సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో స్థావరం పెట్టారు. వారి రికార్డుల్లో ఆ ఊరి పేరు ఆర్మగాన్. అక్కడ వ్యాపారం అనుకున్నట్లు సాగలేదు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే మరో చోటు వెతికాడు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని నుంచి మద్రాసు స్థలం పొందాడు. చంద్రగిరి రాజ్యం, దామెర్ల నాయకులు, దుగరాజపట్నం, మద్రాసు ఒకే కథలోని భాగాలు. మీరు మద్రాసు చరిత్ర చదివేటప్పుడు ఈ ఉత్తరపు తీరాన్ని మరచిపోవద్దు.

వీరంతా వచ్చింది ప్రధానంగా బట్టల కోసం. రంగు అద్దకపు బట్టలకు ఎరుపు కావాలి. ఆ ఎరుపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి వచ్చేది. శ్రీహరికోట అడవిలో చిరివేరు, తేనె, కుంకుడుకాయలు సేకరించినవారు యానాదులు. ఐరోపా దాకా వెళ్లిన బట్టలో ఎరుపు కనబడుతుంది. వేరు తవ్విన చేయి కనబడదు. శ్రీకాళహస్తి కలంకారీని చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

4. కాలువ వైపు నుంచి చూస్తే

1835లో శ్రీహరికోట కంపెనీ ప్రభుత్వం ఆధీనంలోకి వచ్చింది. అప్పటికి మద్రాసు మహానగరంగా పెరుగుతోంది. నగరానికి వంటచెరకు కావాలి. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్విన కాలువ క్రమంగా ఉత్తరానికి సాగి, పులికాట్ సరస్సును దాటింది. 1876–78 నాటి ధాత కరువులో కూలిపనిగా తవ్వించిన భాగం కూడా ఇందులో ఉంది. అప్పటి గవర్నరు పేరుతో అది బకింగ్‌హాం కాలువ అయింది. పూర్తయ్యాక అది ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల జలమార్గం.

ఈ దృష్టిలో శ్రీహరికోట అంటే కట్టెల దిబ్బ. సహజమైన అడవితో పాటు సరుగుడు, నీలగిరి తోటలు పెరిగాయి. పడవల్లో కట్టెలు నగరానికి వెళ్లాయి. రోడ్లు, రైళ్లు పెరిగాక కాలువ వెనకబడింది. 1960లలో వచ్చిన తుఫానులు దాన్ని మరింత దెబ్బతీశాయి. పడవల రాకపోకలు తగ్గగానే, ఒకప్పుడు దారిలో ఉన్న దీవులు దారికి దూరమయ్యాయి. దీవులు కదలలేదు, దారి కదిలింది.

5. ఆకాశం వైపు నుంచి చూస్తే

1960ల చివర విక్రమ్ సారాభాయ్ బృందం తూర్పు తీరంలో రాకెట్ కేంద్రానికి చోటు వెతికింది. తూర్పుకు ప్రయోగిస్తే భూభ్రమణం రాకెట్‌కు తోడ్పడుతుంది. పడిపోయే భాగాలు సముద్రంలో పడతాయి. చుట్టూ జనం తక్కువగా ఉండాలి. ఈ మూడు లెక్కలకూ శ్రీహరికోట సరిపోయింది. మారుమూలగా ఉండడమే ఇప్పుడు గొప్ప అర్హత అయింది. 1969లో ద్వీపాన్ని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి–125 రాకెట్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి–3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2023 జులై 14న చంద్రయాన్–3 ఇక్కడి నుంచే బయలుదేరింది. ఇవి ప్రతి భారతీయుడూ గర్వించదగిన రోజులు.

చరిత్ర విద్యార్థిగా మీరు దానితో పాటు మరో ప్రశ్న కూడా అడగాలి. 'జనం తక్కువ' అన్నప్పుడు ఆ తక్కువ మంది ఎవరు? వారిలో యానాదులు ముఖ్యులు. భూసేకరణతో అక్కడి ఊళ్లవారు చోటు మారవలసి వచ్చింది. ఆ అడవిలో ఏ చెట్టు బెరడు దేనికి మందో, ఏ నెలలో ఏ కాయ పండుతుందో తెలిసినవారికి అడవితో సంబంధం మారిపోయింది. మరోవైపు, కంచె పడినందువల్లే కోరమండల్ తీరంలో అరుదైపోయిన పొడి సతతహరిత అడవి శ్రీహరికోటలో కొంత మిగిలింది. లాభం, నష్టం ఒకే కంచెకు రెండు వైపులా ఉన్నాయి. ఒక వైపు మాత్రమే రాస్తే అది చరిత్ర కాదు.

6. ఆధారాల సమస్య

యానాదుల గురించి మనకున్న పాత రాతలు చాలావరకు బయటివారివి. 1873లో వచ్చిన బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్, 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాలు అలాంటివి. అవి ఉపయోగపడతాయి. అయితే రాసినవారు పాలకులు. తమకు పనికివచ్చిన సంగతులనే వారు ఎక్కువగా గమనించారు. వలసపాలన యానాదుల్లో కొందరి మీద నేరస్థ తెగల చట్టాన్ని కూడా ప్రయోగించింది. ఆ చట్టం 1952లో రద్దయింది. వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు యానాదుల మధ్య పనిచేసి, వారి గురించి రాసి, ఆ చూపును మార్చడానికి కృషి చేశారు.

ఇది మన సమస్య మాత్రమే కాదు. స్కాట్లాండుకు పడమరగా ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో సెయింట్ కిల్డా అనే దీవులున్నాయి. సముద్రపక్షులను పట్టి, గొర్రెలను పెంచి బతికిన అక్కడి జనంలో చివరి 36 మంది, తమ కోరిక మీదనే, 1930 ఆగస్టు 29న దీవిని విడిచిపెట్టారు. వారి చరిత్రలోనూ చాలా భాగం చూడడానికి వచ్చిన బయటివారు రాసిందే. కాని వారు కట్టిన రాతి గోడలు, గిడ్డంగులు నేటికీ నిలిచి ఉన్నాయి. మన దీవుల్లో ఇళ్లు మట్టి, ఆకు, ఇసుక మీద కట్టినవి. తుఫానుకు పోతాయి. కాబట్టి ఇక్కడ వేరే ఆధారాలు వెతకాలి. వాటిలో నాలుగింటిని చూద్దాం.

ఒకటి, పేర్లు. 'శ్రీహరికోట' అన్నది 'అర కోటి' లింగాల నుంచి వచ్చిందని స్థానికంగా చెబుతారు. ఇది శాసన ప్రమాణం కాదు, జనం తమ ఊరిని ఎలా తలచుకున్నారో చెప్పే ప్రమాణం. రెండు తేడాగా వాడుకోవాలి. రెండు, వృత్తి నియమాలు. సరస్సులో 'పాడు' అనే పద్ధతి ఉంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ వల వేయాలో మత్స్యకారులు వంతుల ప్రకారం నిర్ణయించుకుంటారు. రాసిన చట్టం కన్నా ముందే ఉన్న చట్టం ఇది. మూడు, భాష. ఇరకంలో తమిళం వినిపిస్తుంది, వేనాడులో తెలుగు. రాష్ట్ర సరిహద్దు నీటి మీద గీసిన గీత అని భాషే చెబుతుంది. స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' ఈ దీవుల మాటతీరును, బతుకును పట్టుకున్న పుస్తకం. కథను కథగా చదువుతూనే అందులోని చేపల పేర్లు, పనుల పేర్లు మీరు ఆధారాలుగా గుర్తించవచ్చు. నాలుగు, పక్షులు. ఫ్లెమింగోలు నిలబడేది లోతు తక్కువ నీటిలోనే. 1976లో రక్షితకేంద్రమైన నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టి, మేతకు సరస్సుకు వెళతాయి. ఏటా వచ్చే పక్షుల సంఖ్య ఆ ఏటి నీటి సంగతి చెబుతుంది.

7. సారాంశం

ఒకే దీవి ఓడలవారికి వాకిలి, కట్టెల వ్యాపారికి అడవి, రాకెట్ శాస్త్రవేత్తకు ఖాళీ స్థలం, యానాదికి ఇల్లు. మొదటి మూడు చూపులకూ దస్తావేజులున్నాయి. నాలుగో చూపుకు లేవు. మొగలు పూడుతూ, వేనాడు, ఇరకం యువత పనులకోసం బయటికి వెళుతున్న ఈ కాలంలో, ఆ నాలుగో చూపు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. ఇప్పుడు అడగకపోతే తరువాత అడగడానికి ఎవరూ ఉండరు. మీరు దూరవిద్య విద్యార్థులు. మీలో చాలామంది ఏదో ఒక 'మారుమూల' ఊళ్లోనే ఉండి చదువుతున్నారు. అది మీకు లోటు కాదు. ఆధారాల పక్కనే మీ ఇల్లు ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శ్రీహరికోట దిబ్బ ఎలా ఏర్పడింది? సరస్సుతో దానికున్న సంబంధం ఏమిటి?
2. "దీవులు కదలలేదు, దారి కదిలింది." ఈ వాక్యాన్ని బకింగ్‌హాం కాలువ చరిత్ర ఆధారంగా వివరించండి.
3. రాకెట్ కేంద్రం వల్ల శ్రీహరికోటకు కలిగిన లాభనష్టాలను నిష్పక్షపాతంగా చర్చించండి.
4. మీ ఊళ్లో 70 ఏళ్లు దాటిన ఒకరిని కలవండి. చెరువు, వాగు, అడవి, దారి వీటిలో ఒకటి తమ జీవితకాలంలో ఎలా మారిందో అడిగి, వారి మాటల్లోనే రెండు పుటలు రాయండి.