తప్పిన లెక్కకు పుట్టిన రాకెట్

మనుషుల్ని చంద్రుడి దాకా విసరాలంటే ఎంత పెద్ద ఫిరంగి కావాలి? 1865లో ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ ఈ ప్రశ్న మీద ఒక నవలే రాశాడు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో బాల్టిమోర్‌లో ఒక క్లబ్బుగా చేరిన ఫిరంగుల నిపుణులకు యుద్ధం ముగిశాక చేతిలో పనిలేకుండా పోతుంది. ఫ్లోరిడాలో భూమిని నిలువుగా తవ్వి, 900 అడుగుల పొడవున్న ఫిరంగిని అక్కడే పోతపోస్తారు. అందులో అల్యూమినియంతో చేసిన బోలు గుండు, దానిలో ముగ్గురు మనుషులు. తర్వాత రాసిన రెండో నవలలో వాళ్ళు చంద్రుణ్ణి చుట్టి వచ్చి పసిఫిక్ సముద్రంలో పడతారు.

వెర్న్ నోటికొచ్చింది రాసే మనిషి కాదు. భూమి ఆకర్షణ నుంచి బయటపడాలంటే సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగం కావాలని తెలుసుకొని మరీ రాశాడు. ఒక్కచోట మాత్రం అతని లెక్క నిలవదు. ఆ వేగమంతా 900 అడుగుల గొట్టం దాటేలోపే రావాలి కదా! అప్పుడు లోపలి మనిషి మీద పడే ఒత్తిడి అతని బరువుకు ఇరవై వేల రెట్లు దాటిపోతుంది. అంటే 60 కిలోల మనిషి ఆ క్షణంలో 1,200 టన్నులకు పైగా తూగుతాడు. ఈ దెబ్బ సంగతి వెర్న్‌కూ తట్టింది. అందుకే గుండు అడుగున నీళ్ళు నింపి, దాన్నొక మెత్తలా వాడించాడు. ఆ మెత్త ఏ మూలకూ చాలదు. ఫిరంగి పేలిన క్షణంలోనే కథానాయకులు ముగ్గురూ చనిపోవాలి.

సైన్స్ ఫిక్షన్ వల్ల లోకానికి ఒరిగిందేమిటని అడిగితే చాలామంది జోస్యాల చిట్టా విప్పుతారు. ఫలానా నవల జలాంతర్గామిని ముందే చూపించింది, ఫలానా సినిమా వీడియో ఫోన్‌ను ముందే చెప్పింది అంటారు. నాకు ఆ చిట్టా మీద అంత గురి లేదు. వేల కథల్లో పది ఊహలు నిజమవడంలో వింత ఏముంది? నాకు గొప్పగా తోచేది ఇంకొకటి. ఇలాంటి ఫిరంగి కథల మీద మనసు పడ్డ పిల్లలు కొందరు వాటిని చదివి ఊరుకోలేకపోయారు. ఆ మనుషులు బతికి బయటపడే దారి ఏదైనా ఉందా అని కాగితం, పెన్సిలు తీసుకున్నారు. అంతరిక్షానికి వెళ్ళే రాకెట్ అక్కడ మొదలైంది.

వాళ్ళలో పెద్దవాడు రష్యాకు చెందిన కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ. 1857లో పుట్టాడు. పదేళ్ళ వయసులో జ్వరం వచ్చి వినికిడి చాలావరకు పోయింది. బడి చదువు సాగలేదు. పదహారేళ్ళకు మాస్కో వెళ్ళి, గ్రంథాలయంలో కూర్చొని గణితం, భౌతికశాస్త్రం తనంతట తనే నేర్చుకున్నాడు. తర్వాత కలూగా అనే చిన్న పట్టణంలో లెక్కల మాస్టారుగా బతికాడు. అంతరిక్షం గురించిన తన ఆలోచనలకు తొలి విత్తనం వేసింది వెర్న్ అని ఆయనే చెప్పుకున్నాడు. రాకెట్ ఎంత ఇంధనం మండిస్తే ఎంత వేగం అందుకుంటుందో తేల్చే సమీకరణాన్ని 1903లో అచ్చువేశాడు. శ్రీహరికోట ఇంజనీర్లు ఈనాటికీ మొదలుపెట్టేది ఆ సమీకరణంతోనే. అయితే ఆయన సమీకరణంతో ఆగలేదు. తను చదివిన కథల రుణం కథలతోనే తీర్చాలనుకున్నాడో ఏమో, ‘భూమికి ఆవల’ అని అర్థం వచ్చే పేరుతో నవల కూడా రాశాడు. అందులో వేర్వేరు దేశాల శాస్త్రవేత్తలు కలిసి రాకెట్‌లో బయలుదేరతారు, ఆకాశంలో మొక్కలు పెంచుకుంటారు.

రెండోవాడు అమెరికావాడు రాబర్ట్ గొడార్డ్. పదహారేళ్ళ వయసులో హెచ్.జి. వెల్స్ నవల ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ అతని చేతికి వచ్చింది. అంగారకుడి నుంచి జీవులు భూమి మీదికి దండెత్తి వచ్చే కథ అది. అందులోనూ వాళ్ళు వచ్చేది ఫిరంగితో పేల్చిన గొట్టాల్లోనే! మరుసటి ఏడాది, 1899 అక్టోబరు 19న, ఎండుకొమ్మలు నరకడానికి పెరట్లో చెర్రీ చెట్టెక్కిన గొడార్డ్, అంగారకుడి దాకా వెళ్ళగల యంత్రం ఉంటే ఎంత బాగుంటుందో అనుకుంటూ అక్కడే ఉండిపోయాడు. ఆ తేదీని బతికినన్నాళ్ళూ పండుగలా గుర్తు పెట్టుకున్నాడు. చంద్రుడికి రాకెట్ పంపవచ్చని శాస్త్ర వ్యాసంలో రాసినందుకు 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం ఆయన్ను ఎగతాళి చేసింది. శూన్యంలో నెట్టడానికి గాలి ఉండదు, రాకెట్ ఎలా కదులుతుందన్నది వాళ్ళ వాదన. అది తప్పు. వెనక్కి దూసుకుపోయే వాయువే రాకెట్‌ను ముందుకు నెడుతుంది, బయట గాలితో దానికి పనే లేదు. 1926 మార్చి 16న మసాచుసెట్స్‌లోని ఆబర్న్‌లో, ఒక బంధువుల పొలంలో, పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే ప్రపంచపు తొలి ద్రవ ఇంధన రాకెట్‌ను ఎగరేశాడు. అది రెండున్నర సెకన్లు ఎగిరి, 41 అడుగుల ఎత్తుకు వెళ్ళి, క్యాబేజీ మడిలో పడింది. ఆరేళ్ళ తర్వాత గొడార్డ్ వెల్స్‌కు ఉత్తరం రాశాడు. ఆ నవల తన జీవితాన్ని ఏ దారికి తిప్పిందో అందులో చెప్పుకున్నాడు. ఒక రచయితకు ఇంతకంటే పెద్ద సన్మానం ఏముంటుంది!

మూడోవాడి దగ్గర మనం కాసేపు కూర్చోవాలి. వెర్న్ తప్పును తేల్చడానికి అందరికంటే పట్టుదలగా పూనుకున్నవాడు అతనే. పేరు హెర్మన్ ఓబర్త్. 1894లో ట్రాన్సిల్వేనియాలో పుట్టాడు. అది నేటి రుమేనియాలో ఉంది. తండ్రి వైద్యుడు. పదకొండేళ్ళప్పుడు తల్లి వెర్న్ నవలలు చేతికిచ్చింది. కంఠతా వచ్చేదాకా చదివాడు. ఆ తర్వాత ఫిరంగి లెక్క వేశాడు, మనుషులు నలిగిపోతారని తేలింది. పుస్తకం పక్కన పడేసి ఉంటే మనకీ కథ లేదు. మనిషి శరీరం ఎంత ఒత్తిడి ఓర్చుకోగలదో తెలుసుకోవడానికి ఎత్తు మీంచి ఈతకొలనులోకి దూకి చూశాడు. వేగం ఒక్కసారిగా రాకూడదు, నెమ్మదిగా పెరగాలి. అంటే యంత్రం తన ఇంధనాన్ని తనే మోసుకుపోతూ, దారి పొడవునా మండించుకోవాలి. అలా ఓబర్త్ రాకెట్ దగ్గరికి వచ్చాడు. తమాషా ఏమిటంటే, వెర్న్ కథలోని గుండులోనూ చిన్న రాకెట్లున్నాయి. చంద్రుడి మీద దిగేటప్పుడు వేగం తగ్గించుకోవడానికి వాటిని వెంట తెచ్చుకున్నారు. అసలు మందు కథలోనే ఉంది, కాకపోతే వాడవలసిన చోట వాడలేదు.

ఓబర్త్ ఇదంతా పరిశోధన గ్రంథంగా రాస్తే 1922లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వలేదు. మళ్ళీ ఇంకొకటి రాసి ఇవ్వడానికి ఆయన మనసొప్పలేదు. దాన్నే 1923లో పుస్తకంగా తెచ్చాడు. వందకు లోపు పేజీలు, నిండా సమీకరణాలు. అలాంటి పుస్తకం చుట్టూ జర్మనీ కుర్రకారు పోగైంది. 1927లో వాళ్ళు అంతరిక్ష ప్రయాణ సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో కలిసిన వెర్నర్ ఫాన్ బ్రాన్ బడిలో లెక్కల్లో వెనకబడ్డ పిల్లవాడు. ఓబర్త్ పుస్తకం తెప్పించుకొని తెరిస్తే ఒక్క సమీకరణమూ అర్థం కాలేదు. ఆ పుస్తకం అర్థం చేసుకోవాలన్న పంతంతో లెక్కలు నేర్చాడు.

సరిగ్గా ఈ సమయంలో సినిమా వచ్చి కలిసింది. జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ చంద్రయాత్ర మీద మూకీ చిత్రం తీయబోతూ ఓబర్త్‌ను సలహాదారుగా పిలిచాడు. కథ రాసింది థియా ఫాన్ హార్బో. 1929 అక్టోబరు 15న బెర్లిన్‌లో విడుదలైన ఆ ‘ఫ్రౌ ఇమ్ మోండ్’ చూస్తే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. షెడ్డులోంచి రాకెట్ నిలువుగా నిలబడే బయటికొస్తుంది. అంచెలంచెలుగా విడిపోతుంది. మనుషులు పడకల మీద వెల్లకిలా పడుకొని ఒత్తిడిని కాచుకుంటారు. మాటలు లేని సినిమాలో ప్రేక్షకుణ్ణి కుర్చీ అంచుకు ఎలా తేవాలి? లాంగ్ తెర మీద అంకెలు వేశాడు. పైకి లెక్కపెడితే ఎక్కడ ఆగుతుందో తెలియదు, కిందికి లెక్కపెడితే అందరికీ తెలుస్తుందని ఆయన ఆలోచన. ఆరు, ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, ఇప్పుడు! ఉత్కంఠ కోసం దర్శకుడు వాడిన ఆ పద్ధతిని తర్వాత రాకెట్ ఇంజనీర్లు తమ పనిలోకి తీసుకున్నారు. ఏ వ్యవస్థను ఎప్పుడు సరిచూడాలో అందరికీ ఒకే గడియారం మీద తెలియడానికి అంతకంటే తేలిక మార్గం లేదు. శ్రీహరికోట ప్రయోగం రోజున తెలుగు ఇళ్ళలో టీవీ ముందు పిల్లలు కలిసి లెక్కపెట్టే కౌంట్‌డౌన్ ఇదే.

సినిమా ప్రచారం కోసం నిజం రాకెట్ ఎగరేయిస్తామని నిర్మాణ సంస్థ ప్రకటించింది. ఓబర్త్ ఆ పనికి దిగాడు. ప్రయోగంలో పేలుడు జరిగి కంటికి గాయమైంది, రాకెట్ సమయానికి సిద్ధం కాలేదు. కానీ ఆ ప్రయత్నంలోంచి వచ్చిన ఇంజన్‌ను 1930 జూలైలో మండించి చూపించినప్పుడు, చేతి సాయానికి నిలబడ్డవాళ్ళలో పద్దెనిమిదేళ్ళ ఫాన్ బ్రాన్ ఉన్నాడు.

ఇక్కడ ఈ కథలో చీకటి పేజీ ఒకటి ఉంది, దాన్ని దాటవేస్తే అబద్ధం చెప్పినట్టే. ఫాన్ బ్రాన్ బృందం జర్మన్ సైన్యం చేతుల్లోకి వెళ్ళింది. 1942 అక్టోబరు 3న పీనెముండే నుంచి విజయవంతంగా ఎగిరిన వీ-2 రాకెట్ అడుగున ‘ఫ్రౌ ఇమ్ మోండ్’ బొమ్మ వేసి ఉంది. అదే రకం రాకెట్లు తర్వాత లండన్ మీద, ఆంట్‌వెర్ప్ మీద బాంబులై కురిశాయి. దాన్ని తయారు చేయడానికి సొరంగాల్లో బానిసల్లా పనిచేయించిన ఖైదీలు వేలాదిగా చనిపోయారు. రాకెట్ దెబ్బకు పోయినవాళ్ళకంటే దాని తయారీలో పోయినవాళ్ళే ఎక్కువ. కల ఎంత అందమైనదైనా దానికి డబ్బిచ్చేవాడు ఎవడో, ఎందుకిస్తున్నాడో అడగాల్సిందే. ఆ కుర్రాళ్ళు అడగలేదు.

యుద్ధానికి ముందటి ఏళ్ళలో ఇంగ్లండులో ఇంకో పిల్లవాడు అమెరికా నుంచి వచ్చే చవక సైన్స్ ఫిక్షన్ పత్రికల కోసం కాచుకొని ఉండేవాడు. ఆర్థర్ సి. క్లార్క్. అక్కడి అంతరిక్ష ప్రియులకు రాకెట్ ఎగరేసే వీలు లేదు, పేలుడు పదార్థాల చట్టం అడ్డం. అందుకని కాగితం మీదే చంద్రనౌకలు గీసుకున్నారు. క్లార్క్ వైమానిక దళంలో రాడార్ పని చూస్తూ, 1945 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వస్తువు 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. కింద భూమీ అంతే. కాబట్టి అది ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టుంటుంది. అలాంటివి మూడుంటే లోకమంతా రేడియో, టెలివిజన్ అందించవచ్చు. ఈ లెక్క సరైనదే. కానీ క్లార్క్ ఊహలోనూ ఒక పొరపాటుంది. వాటిలో మనుషులు కాపురముండి, కాలిపోయిన రేడియో వాల్వులు మారుస్తుంటారనుకున్నాడు. రెండేళ్ళకే ట్రాన్సిస్టర్ వచ్చి ఆ అవసరం తీర్చేసింది. 1964లో సింకామ్-3 ఉపగ్రహం ఆ కక్ష్యలో నిలిచి టోక్యో ఒలింపిక్స్‌ను అమెరికాకు చూపించింది.

మన పల్లెలకు ఈ కథ చేరింది ఆ కక్ష్య మీదుగానే. భారత అంతరిక్ష పరిశోధనకు పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ పట్టుబట్టి, ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ అందించడానికి 1969లో అమెరికాతో ఒప్పందం కుదిర్చారు. దాని ఫలితం చూడకుండానే 1971లో కన్నుమూశారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా టెలివిజన్ కార్యక్రమాలు పంపింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషల్లో తెలుగు ఒకటి. ఈ ప్రయోగం పేరు సైట్. కోళ్ళ గూళ్ళకు కట్టే ఇనుప వలతో చేసిన పదడుగుల యాంటెన్నాను ఊరుమ్మడి టీవీకి తగిలించారు. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సాగు, ఆరోగ్యం. అంతకుముందు సినిమా హాలు కూడా చూడని మనుషులు వాళ్ళలో ఎందరో! ఆ రోజుల్లో క్లార్క్ కొలంబోలో ఉంటున్నాడు. ఇస్రో ఇంజనీర్లు వెళ్ళి ఆయన ఇంట్లోనూ ఒక యాంటెన్నా బిగించారు. అప్పటికి శ్రీలంకలో టెలివిజన్ ప్రసారాలే లేవు. ఆ దేశంలో కూర్చొని ఆయన మన పల్లెల కార్యక్రమాలు చూశాడు.

నాలుగేళ్ళకు, 1979లో, క్లార్క్ ‘ది ఫౌంటెన్స్ ఆఫ్ ప్యారడైజ్’ రాశాడు. భూస్థిర కక్ష్య నుంచి నేల దాకా తీగ వేలాడదీసి, దాని మీద లిఫ్టులా మనుషుల్ని అంతరిక్షానికి ఎక్కించే కథ. ఆ తీగ తన బరువు తనే మోయలేక తెగిపోకూడదు. ఉక్కు దానికి చాలదు. కార్బన్ నానోట్యూబులకు అంత బలముందని లెక్కలు చెబుతున్నాయి, కానీ కావలసిన పొడవున, లోపం లేకుండా వాటిని పేనడం ఇంకా ఎవరికీ చేతకాలేదు. ఆ లెక్క మీద కొందరు ఇంజనీర్లు ఇప్పుడు పనిచేస్తున్నారు.