"కోచ్ పోతాడంట" అనే మాట గురించి

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే ఎప్పటిలాగే మన్నించండి.

ఈ వారం మారికుప్పం రైలు గురించి రాద్దామనుకున్నాను. కానీ పది రోజులుగా మన గ్రూపులో ఒకటే మాట. ఆదివారాలు మన పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే తమ్ముడు బెంగళూరులో ఏదో అకాడమీకి పోతాడంట. డబ్బుకోసమే అని ఒకరు, పిల్లల్ని నడిమధ్యలో వదిలేస్తా ఉన్నాడని ఒకరు. జీతం ఎంతో కూడా ఒకాయన రాసేశారు. ఆ తమ్ముడిని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అందుకని రైలును పక్కన పెట్టి కోచ్‌ల చరిత్ర రాస్తా ఉన్నాను.

మన ఊళ్ళో ఈ మాటలు కొత్త కాదు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు రాబర్ట్‌సన్‌పేట టీ కొట్లో సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళు తమిళ పేపరు చుట్టూ చేరేవాళ్ళు. ఒకాయన గట్టిగా చదివితే పదిమంది వినేవాళ్ళు. అక్కడ 1976లో నేను విన్న పెద్ద వార్త పి.కె. బెనర్జీ గురించి.

సంగతి తెలియని పిల్లల కోసం చెప్తాను. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అంటే రెండు క్లబ్బులు మాత్రమే కాదు, రెండు ఊళ్ళు, రెండు గుండెలు. ఈస్ట్ బెంగాల్ 1970 నుంచి 1975 దాకా వరసగా ఆరేళ్ళు కలకత్తా లీగ్ గెలిచింది. 1972 నుంచి ఆ జట్టుకు కోచ్ పి.కె. 1975 సెప్టెంబర్ 30న ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించారు. ఆ ఓటమి తట్టుకోలేక ఒక అభిమాని ప్రాణం తీసుకున్నాడు. మరుసటి ఏడాది అదే పి.కె. మోహన్ బగాన్ కోచ్ అయ్యారు!

టీ కొట్లో గొడవే గొడవ. ద్రోహి అని ఒకరు, మొనగాడు అని ఒకరు. కలకత్తా ఎట్లుంటుందో మాలో ఎవరూ చూసినవాళ్ళు కాదు. అయినా పి.కె. మనసులో ఏముందో అందరికీ తెలుసు! ఆ ఏడాది లీగ్ మోహన్ బగాన్‌దే అయింది. ఈస్ట్ బెంగాల్‌తో మ్యాచ్‌లో పదిహేడు సెకన్లకే గోల్ కొట్టినవాడు మన హైదరాబాద్ అక్బర్. ఆయన అన్న హబీబ్ కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. 1977 సెప్టెంబర్ 24న పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2గా డ్రా చేసుకుంది. అందులో ఒక గోల్ హబీబ్‌ది.

పి.కె. చివరికి ఈస్ట్ బెంగాల్‌కు తిరిగొచ్చారు కూడా. 1997 జూలై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేలకు పైగా జనం. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఇరవై ఏళ్ళ ముందు ఆయన్ని తిట్టినవాళ్ళే ఆ రోజు ఆయన కోసం చప్పట్లు కొట్టి ఉంటారు. అభిమానుల కోపానికి అంత ఆయుస్సే ఉంటుంది.

ఇక్కడ రైల్వే మనిషిగా ఒక మాట. పి.కె. ఆటగాడిగా ఉన్నంతకాలం పెద్ద క్లబ్బులకు పోలేదు, ఎక్కువకాలం ఈస్టర్న్ రైల్వేకే ఆడారు. 1958లో ఆ రైల్వే జట్టు మూడు పెద్ద క్లబ్బులనూ దాటి కలకత్తా లీగ్ గెలిచింది. ఆ కాలంలో ఆటతో కడుపు నిండేది కాదు. రైల్వే, పోలీసు, బ్యాంకు, మన దగ్గర గని - ఇవే అన్నం పెట్టేవి.

ఇప్పుడు పి.కె.కు గురువు దగ్గరికి వద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్. స్కూలు టీచరు. అందరూ రహీం సాబ్ అనేవాళ్ళు. ఆయన నేర్పిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఇండియా 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది.

సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళ ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన చూసి ఎంచుకున్న పిల్లవాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిలు బాడుగ డబ్బులు రహీం సాబే ఇచ్చేవారు. ఆ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. అట్లా హైదరాబాద్ నుంచి కలకత్తా రైలెక్కినవాళ్ళు ఎందరో. శిష్యులు పోతా ఉన్నా గురువు హైదరాబాద్ పోలీసు జట్టుతోనే ఉన్నారు.

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాపై ఫైనల్. 2-1. గోల్స్ కొట్టింది పి.కె., జర్నైల్ సింగ్. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు. ఆ తర్వాత ఇంతవరకు ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రాలేదు. అరవై ఏళ్ళు దాటింది.

రహీం సాబ్ ఉండిపోయారు కాబట్టి గొప్పవారు, పి.కె. మారారు కాబట్టి తక్కువవారు అని నేను అనను. ఇద్దరూ నేర్పినవాళ్ళే. ఇంకో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు, మోహన్ బగాన్‌కు, బంగ్లాదేశ్ జట్టుకు కూడా నేర్పారు. ఆయనకు ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ద్రోణుడు ఒకే కొలువులో ఉండాలని అవార్డు ఇచ్చేవాళ్ళు కూడా అడగలేదు!

ఇంక నా తప్పు ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసు టీముకు మా పక్క సెక్షన్ అన్నే కోచ్. పొద్దున ఫైళ్ళు, సాయంత్రం మైదానం. ఒకరోజు ఆయన బల్లమీద సగం మడిచిన అర్జీ చూశాను. సొంతూరి పేరు కనపడింది. అంతే, క్యాంటీన్‌లో "అన్న ట్రాన్స్‌ఫర్ అడిగినాడు" అనేశాను. వారంలో ఆ మాట పైదాకా పోయింది. పోయేవాడికి టీము ఎందుకని వేరే ఆయన పేరు వేశారు. తర్వాత తెలిసింది, అది సెలవు అర్జీ. వాళ్ళమ్మకు ఆపరేషను. ఆయన మళ్ళీ మైదానానికి రాలేదు. నేనే అన్నానని ఆయనకు చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళైంది.

గని 2001లో మూసేశాక మన మైదానాల్లో పిల్లలకు నేర్పేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఇప్పుడున్న తమ్ముడికి మన సంఘం ఇచ్చేది బంతులు, బస్సు చార్జీ మాత్రమే. ఆయన పొద్దున స్వర్ణ రైల్లో బెంగళూరు పోయి పని చేసుకుని, రాత్రి తిరిగొచ్చే మనిషి. మంచి చోటు దొరికి పోతే పోనీండి, సంతోషంగా పంపిద్దాం. ఉండాలని మనకుంటే, ఉండేటట్టు మనం ఏం చేస్తామో చెప్పాలి గదా?

నేను ఆదివారం పొద్దున ఆరున్నరకు మైదానానికి పోయి ఆయన్నే అడుగుతాను. వచ్చేవాళ్ళు రండి. నెల మీటింగులో ఆయనకు గౌరవ వేతనం సంగతి పెట్టమని కార్యదర్శి గారిని కోరుతా ఉన్నాను. నా పెన్షన్‌లో నెలకు ఐదువందలు నా వంతు.

అంతవరకు దయచేసి ఆయన జీతం గురించి ఎవరూ రాయవద్దు.