స్విట్జర్లాండ్‌లో రైలు ప్రయాణం: 1847 నుంచి నేటి దాకా

ఫ్రాన్స్ నుంచి వచ్చిన రైలుమార్గం 1844లోనే బాజెల్ నగరాన్ని తాకినా, పూర్తిగా స్విట్జర్లాండ్ గడ్డమీదే నడిచిన మొదటి రైలు 1847 ఆగస్టులో జ్యూరిక్ నుంచి బాడెన్‌కు బయలుదేరింది. బాడెన్ బేకరీల్లో చేసే స్పానిష్ బ్రోట్లి అనే తినుబండారం పేరే జనం ఆ రైలుకు పెట్టుకున్నారు.

ఆ తర్వాత పని మందగించింది. రైల్వేలు ఎవరి చేతుల్లో ఉండాలన్నది తేలలేదు. ప్రభుత్వమే నిర్మించాలన్న ప్రతిపాదనను పార్లమెంటు కాదంది. 1852 చట్టంతో ఆ పని ప్రైవేటు కంపెనీలకు దక్కింది. పోటాపోటీగా మార్గాలు వేసి కొన్ని కంపెనీలు దివాలా తీశాయి.

ఆ కాలపు ఘనకార్యం గోథార్డ్ సొరంగం. రాజకీయవేత్త, పారిశ్రామికవేత్త ఆల్ఫ్రెడ్ ఎషర్ పట్టుబట్టగా 1872లో పని మొదలైంది. గోషెనెన్, ఐరోలో ఊళ్ల మధ్య ఆల్ప్స్ కొండ కడుపులో 15 కిలోమీటర్లు తవ్వాలి. కూలీల్లో ఎక్కువమంది ఇటలీ నుంచి వచ్చినవారే. లోపల ఉక్కపోత, డైనమైట్ పొగ. 1875లో వారు సమ్మెకు దిగితే కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. కాంట్రాక్టరు లూయీ ఫావ్ర్ కూడా 1879లో సొరంగంలోనే కుప్పకూలాడు. 1882లో రైళ్లు నడిచాయి. ఎషర్ పేరు చరిత్రలో నిలిచింది. కూలీల పేర్లు చాలామటుకు నిలవలేదు. ఎత్తుకు చేరడానికి ఆ దారి మెలికలు తిరుగుతుంది. అందుకే వాసెన్ గ్రామ చర్చి ప్రయాణికులకు మూడుసార్లు కనిపిస్తుంది: మొదట తలపైన, తర్వాత కిటికీకి ఎదురుగా, చివరికి కింద లోయలో.

పళ్లచక్రాల రైళ్లు 1871లో రీగీ కొండను, 1889లో పిలాటుస్‌ను ఎక్కాయి. 1912 నాటికి యుంగ్‌ఫ్రావ్‌యోహ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున తెరుచుకుంది.

1898లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే మూడింట రెండు వంతులకు పైగా ఓటర్లు జాతీయీకరణకు మొగ్గారు. 1902 నుంచి ప్రధాన మార్గాలు ఫెడరల్ రైల్వేల కిందికి వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు దిగుమతులు తగ్గి రైళ్లకు కటకట ఏర్పడింది. బొగ్గు లేని దేశంలో జలపాతాలకు కొదవ లేదు కదా. ఆ నీటితో తీసిన కరెంటు మీద 1922కల్లా గోథార్డ్ మార్గమంతా నడిచింది.

ప్రయాణికుడి అనుభవాన్ని నిజంగా మార్చింది మాత్రం 1982లో వచ్చిన టైంటేబుల్. అప్పటినుంచి ప్రధాన మార్గాల్లో ప్రతి గంటా అదే నిమిషానికి రైలు ఉంటుంది. 1987లో ఓటర్లు ఆమోదించిన ‘రైలు 2000’ పథకం దీన్ని మరో మెట్టు ఎక్కించింది. పెద్ద జంక్షన్‌కు అన్ని వైపుల రైళ్లూ గంట కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు చేరతాయి, గంట దాటిన కాసేపటికి బయలుదేరతాయి. ఆ మధ్య వ్యవధిలో ప్రయాణికుడు ప్లాట్‌ఫారం దాటి మరో రైలెక్కుతాడు. ఇది కుదరాలంటే రెండు జంక్షన్ల మధ్య ప్రయాణం గంటకు కాస్త తక్కువగా ఉండాలి. అందుకే మాట్‌స్టెటెన్, రోట్రిస్ట్ మధ్య కొత్త లైను వేసి, 2004లో బెర్న్–జ్యూరిక్ ప్రయాణాన్ని 56 నిమిషాలకు దించారు. అంతకంటే వేగం వారికి అక్కర్లేకపోయింది. వేగం రికార్డుల కోసం పరుగెత్తిన దేశాలకంటే ఈ లెక్కే ప్రయాణికుడికి ఎక్కువ మేలు చేసింది. చిన్న ఊరివాడికి కూడా మారే రైలు చేతికందింది.

కొండలకింద సమతలంగా వెళ్లే సొరంగాలు తర్వాతి అధ్యాయం. లోట్ష్‌బర్గ్‌ది 2007లో, 57 కిలోమీటర్ల గోథార్డ్‌ది 2016లో, చెనెరిది 2020లో తెరిచారు. 2023 ఆగస్టులో కొత్త గోథార్డ్ సొరంగంలో గూడ్సు బండి పట్టాలు తప్పింది. పూర్తి రాకపోకలు 2024 సెప్టెంబరుకు గానీ మొదలుకాలేదు. ఆ మధ్యకాలంలో చాలా ప్రయాణికుల రైళ్లను ఎషర్ కాలంనాటి పాత కొండదారి మీదుగా, గంట ఆలస్యమైనా, నడిపారు.