సైబర్ జిహాద్

జిహాదీ సంస్థలు, వాటి సానుభూతిపరులు ప్రచారానికీ నియామకాలకూ దాడులకూ ఇంటర్నెట్‌ను వాడుకోవడాన్ని సైబర్ జిహాద్ అంటారు. దీన్ని సాంకేతిక సమస్యగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది; మిగతా సగం మతవాదనల్లో ఉంది. సంప్రదాయ ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో సాయుధ జిహాద్ సాధారణంగా ఫర్జె కిఫాయా: పాలకుడి ఆజ్ఞతో కొందరు పూనుకుంటే తక్కినవారికి బాధ్యత తీరుతుంది. సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో ఉన్న 1980లలో పాలస్తీనా పండితుడు అబ్దుల్లా అజ్జాం దాన్ని వ్యక్తిగత విధిగా, ఫర్జె ఐన్‌గా ప్రకటించాడు. కన్నవారి అనుమతి కూడా అక్కర్లేదన్నాడు. మరి యుద్ధరంగానికి వెళ్లలేనివాడు ఏం చేయాలి? 2003లో అరబిక్‌లో వెలువడిన ‘39 మార్గాలు’ పుస్తకం చూపిన దారుల్లో ఎలక్ట్రానిక్ జిహాద్ ఒకటి.

సిరియాకు చెందిన జిహాదీ సిద్ధాంతకర్త అబూ ముసాబ్ అల్-సూరీ ఇంకో అడుగు ముందుకేశాడు. 2001 తర్వాత అల్ ఖైదా స్థావరాలు చెదిరిపోవడం చూసిన ఆయన, సంస్థతో పనిలేదనీ, సిద్ధాంతమూ పద్ధతీ అందితే ఎక్కడివారక్కడే దాడి చేయవచ్చనీ సుమారు 1,600 పేజీల గ్రంథంలో వాదించాడు. అల్ ఖైదా యెమెన్ శాఖ 2010లో ఆంగ్లంలో మొదలుపెట్టిన ‘ఇన్‌స్పైర్’ పత్రిక ఆ వాదనకు ఆచరణరూపం.

ఇస్లామిక్ స్టేట్ ఏకంగా ప్రచారకుడిని యోధుడితో సమానం చేసింది. దాని పత్రిక పేరు ‘దాబిక్’. అంత్యకాలపు యుద్ధానికి వేదికగా హదీసులో కనిపించే సిరియా పట్టణం అది. 2014 జులై నుంచి 15 సంచికలు వచ్చాయి. ఆ ఊరు చేజారడానికి కొద్ది వారాల ముందు, 2016 సెప్టెంబరులో, దాని స్థానంలో రోమ్ నగరాన్ని సూచించే ‘రూమియా’ వచ్చింది. జోస్యం మాత్రం తప్పలేదు, వాయిదా పడిందంతే! సిరియా మొహం చూడకుండానే ఈ ప్రచారంలో పేరుమోసిన ‘షామీ విట్‌నెస్’ అనే ట్విటర్ ఖాతాను నడిపింది బెంగళూరు ఉద్యోగి. 2014 డిసెంబరులో అరెస్టయ్యాడు.

ఈ వాదనలకు మతపరమైన ఖండన కూడా వచ్చింది. ఖలీఫాగా ప్రకటించుకున్న ఇస్లామిక్ స్టేట్ అధినేత బాగ్దాదీ వాదనలను ఖండిస్తూ 2014 సెప్టెంబరులో 120 మందికి పైగా ముస్లిం పండితులు బహిరంగ లేఖ రాశారు.

ఇక హ్యాకింగ్‌లో సైబర్ జిహాదీల ప్రతిభ పేరుకు తగ్గది కాదు. 2015 జనవరిలో అమెరికా సెంట్రల్ కమాండ్ ట్విటర్, యూట్యూబ్ ఖాతాలు కొద్దిసేపు వారికి చేజిక్కాయి, అంతే. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫ్రాన్స్ టీవీ5మోండ్ ప్రసారాలు ఆపింది తామేనని ‘సైబర్ కాలిఫేట్’ అనే బృందం చాటుకుంది గానీ, దర్యాప్తులో అనుమానం రష్యా హ్యాకర్ల మీదికి మళ్లింది. ప్రచారాన్ని ఆపడమే కష్టమైంది: 2019 నవంబరులో యూరోపోల్ సాయంతో టెలిగ్రామ్ వేల ఖాతాలను తొలగించగా, ప్రచారకులు టామ్‌టామ్ వంటి చిన్న యాప్‌లకు మారారు.